నిండుకున్న టాంకీ

చేటలో బియ్యం అటూ ఇటూ జరుపుతూ, రాళ్ళు ఏరి పక్కన పడేస్తూ, పుణ్యవతి పెదాలు కదిలీ కదలకుండా "నంబర్ ప్లీజ్" అనుకుంటోంది. రాయి దొరికినప్పుడల్లా ఒకసారి. దొరకకపోయినా మధ్యమధ్యలో మరోసారి.

ఇంకో శేరు తీద్దామని డబ్బాలో చెయ్యి పెడితే అడుగున రేకు తగిలింది.

"బియ్యం ఎంతవరకున్నాయే?" అని వరండాలోంచి అత్తగారు అడిగింది.

"నిండుకున్నాయండీ."

"సరే, అబ్బాయితో చెప్పి తెప్పిస్తాను."

ఆ ఇంట్లో ఏదీ అయిపోదు. అయిపోయిందన్న మాట గుమ్మం లోపల వినబడకూడదని బాలాత్రిపురసుందరమ్మగారి కట్టడి. బియ్యం నిండుకుంటాయి, పసుపు నిండుకుంటుంది, దీపం కొండెక్కుతుంది. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇదేమంత వింత కాదు. కాకపోతే మిగతావాళ్ళు బియ్యానికీ దీపానికీ సరిపెట్టుకున్న మర్యాదను ఆవిడ సమస్త వస్తువులకూ ఇచ్చేసింది. వాళ్ళింట్లో సబ్బు నిండుకునేది. కిరసనాయిలు నిండుకునేది. ఒకసారి విరేచనాల మాత్రలు నిండుకున్నాయి. కొత్తకోడలిగా వచ్చిన వారంలోనే పుణ్యవతి నోరు జారి "చింతపండు అయిపోయిందండీ" అన్నందుకు ఆవిడ ఇల్లంతా పసుపునీళ్ళు చల్లించింది. ఇవిగాక, బయటికి వెళ్ళేవాళ్ళని ఎక్కడికని అడక్కూడదు. గుమ్మం దిగినవాళ్ళని వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే వెళ్ళినవాళ్ళ పని చెడుతుందని మాత్రమే కాదు, పిలిచినవాళ్ళ ఇల్లు చెడుతుందని ఆవిడ నమ్మకం.

అలాంటి ఇంట్లో ఉంటూ పుణ్యవతి టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది.

దానికి కారణం ఏమంత పెద్దది కాదు. అత్తిలి పక్కన వాళ్ళ ఊళ్ళో, హైస్కూలుకు వెళ్ళే దారిలో పోస్టాఫీసు ఉండేది. ఊరికంతటికీ ఒకటే ఫోను. పోస్టుమాస్టరు దాన్ని చెవికి ఆనించుకుని అరుస్తుంటే, అవతల ఎక్కడో కూర్చున్న ఆడమనిషి గొంతు తాపీగా, స్పష్టంగా, ఉన్నది ఉన్నట్టు చెప్పేది. లైను ఉంటే ఉందనేది, లేకపోతే లేదనేది. ఆ గొంతు వినడానికి పుణ్యవతి కిటికీ పక్కన చెప్పు సరిచేసుకుంటున్నట్టు నిలబడేది. పెళ్ళయి, భర్త విశ్వేశ్వరరావు ఉద్యోగం కోసం ఈ కొండాపూర్ బండరాళ్ళ మధ్యకు కాపురానికి వచ్చాక, ఆ గొంతు మరీ గుర్తుకొచ్చేది.

ఇంకో ఎనిమిది రోజుల్లో, సోమవారం పొద్దున పది గంటలకు నగరంలో ఇంటర్వ్యూ. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ పిలవరు.

"పొద్దస్తమానం ఊరందరికీ లేరు, లేదు అని చెప్పే ఉద్యోగమటగా. అలాంటి నోటితో ఇంటికొచ్చి దీపం పెడుతుందా?" అంది అత్తగారు.

విశ్వేశ్వరరావు తల్లినీ నొప్పించడు, భార్యనీ నొప్పించడు. మనుషుల మధ్య కారుని నిలబెడతాడు. "నేనే కార్లో తీసుకెళ్ళి తీసుకొస్తానమ్మా" అన్నాడు.

ఆవిడ ఆలోచించింది. "కార్లో అయితే సరే. బస్సుల్లో నలుగురిలో పడి వెళ్ళడానికి వీల్లేదు. కారు కదలకపోయిందా, అది దైవనిర్ణయం. మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు."

అలా పుణ్యవతి ఉద్యోగం వెళ్ళి కారు టాంకీలో పడింది.

ఆ నల్లకారు విశ్వేశ్వరరావు ఎవరో కంట్రాక్టరు దగ్గర పాతది కొన్నాడు. పెట్రోలు చూపించే మీటరు ఎప్పుడో చచ్చిపోయింది. అంతకుముందైతే పట్టించుకునేవాడు కాదు గానీ, కిందటేడు పెట్రోలు ధర చుక్కలనంటింది. పైగా అతను పనిచేసేది లింగంపల్లి అవతలి ఫ్యాక్టరీలో, కొలతలు సరిచూసే విభాగంలో. మనిషి అబద్ధమాడతాడు గానీ మీటరు ఆడదు అని అతని సిద్ధాంతం. కంపెనీ మీటరు తెప్పించాలంటే జీతం తూగదు. మూసాపేట మెకానిక్కు వీరేశం మధ్యేమార్గం చెప్పాడు.

"యూనివర్సల్ మీటరున్నది సార్. సస్తా ధరకొస్తది."

"యూనివర్సల్ అంటే?"

"అన్నిటికొస్తది. లారీకొస్తది, జీపుకొస్తది, ట్రాక్టరుకొస్తది. మీ ఇంట్ల నీళ్ళ గచ్చుకు పెట్టినా ఎన్ని నీళ్ళున్నయో చూపిస్తది."

ఇంత ఉదారమైన వస్తువు ఉంటుందని విశ్వేశ్వరరావుకు తెలియదు. వెంటనే ఒప్పుకున్నాడు.

బియ్యం నిండుకున్న ఆ ఆదివారం పొద్దున్నే వీరేశం సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. విశ్వేశ్వరరావు అప్పుడే నూనె రాసుకుని తలంటుకు వెళ్ళాడు. వీరేశం వెనక డిక్కీలో దూరి టాంకీలో కొత్త బుడ్డి అమర్చాడు. పెట్రోలు మీద ఆ బుడ్డి తేలుతుంది, తేలినదాన్నిబట్టి ముందు మీటరులో ముల్లు జరుగుతుంది. ఆ మీటరుకు ఒక చివర ఎఫ్, ఇంకో చివర ఈ. ఎఫ్ అంటే నిండు, ఈ అంటే ఖాళీ.

"ఇగ దీనికి చెప్పాలె" అన్నాడు వీరేశం, వరండాలో పూలు కడుతున్న ముసలావిడతో. "అన్ని బండ్లకొచ్చేది గద అమ్మా, దానికి సొంత తెలివుండదు. ఒక్కో బండికి ముల్లు ఒక్కో దిక్కు తిరుగుతది. ఇది నిండు, ఇది ఖాళీ అని ఒక్కసారి మనం చూపెట్టాలె. కొత్త కోడలు లెక్క. చెప్పినంక మర్వది."

"అయితే చెప్పు నాయనా."

"ఇప్పుడు టాంకీల ఎంతున్నది?"

"నిండుకుంది. రాత్రే అబ్బాయి అన్నాడు."

వీరేశం టాంకీ మూతలోంచి వేపపుల్ల దించి, తీసి, ఎండకేసి చూశాడు. "పుల్ల తడుస్తలేదు గదమ్మా."

"తడవకపోతేనే కదయ్యా నిండుకుందనేది."

అతను పుల్ల వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు. టాంకీ మీద చేత్తో కొట్టాడు. అది గుడి డోలులా మోగింది. "పూరా నిండినట్టేనా అమ్మా?"

"పూర్తిగా నిండుకుంది. శుభమా అని కొత్త వస్తువు పెడుతూ ఎన్నిసార్లు అనిపిస్తావు?"

బియ్యం చేట పట్టుకుని పుణ్యవతి గడపలో నిలబడి ఉంది. ఎక్కడ ఏం జరుగుతోందో ఆమెకు స్పష్టంగా కనబడుతోంది. లేదు బాబూ, అయిపోయింది అని ఒక్క మాటంటే చాలు. మాట గొంతులోకి వచ్చింది కూడా. అత్తగారు పూలదండలోంచి తలెత్తి ఆమె వంక చూసింది. పుణ్యవతికి చేటలో ఇంకో రాయి కనబడింది. దాన్ని ఏరి పారేసింది.

వీరేశం తనలో తాను సమాధానపడ్డాడు. పెట్రోలు ధర పెరిగినంక పెద్ద ఆఫీసర్లు గింతనే నిండుడని లెక్క మార్చుకున్నరేమో, మనకెందుకు అనుకున్నాడు. తీగలు అటువి ఇటు కలిపాడు. ముల్లు వణికి, కదిలి, బుద్ధిగా వెళ్ళి ఎఫ్ మీద నిలబడింది.

"చూడుండ్రి, ఫుల్" అన్నాడు. "ఇగ ఫికర్ లేదు."

కుంకుడురసం వాసనతో విశ్వేశ్వరరావు బయటికొచ్చేసరికి వీరేశం వెళ్ళిపోయాడు. మీటరు చూసి అతను ఆశ్చర్యపోయాడు. "అమ్మా, పెట్రోలు కూడా పోయించాడా ఏవిటి?"

"నిండుకుందని అతనికి చెప్పాన్రా. ఏం చేశాడో ఏమో."

"మంచివాడు. బిల్లులో కలుపుతాడు కాబోలు."

మర్నాడు ఫ్యాక్టరీకి బయల్దేరిన కారు కొండాపూర్ దాటకుండానే నిలిచిపోయింది. ఎఫ్ మీద ముల్లు కళకళలాడుతోంది కనక, పెట్రోలు గురించి ఎవరూ అనుమానపడలేదు. కబురందుకుని వీరేశం సైకిలు మీద వచ్చాడు. ప్లగ్గులు విప్పి తుడిచాడు. కార్బొరేటరు విప్పి ఊదాడు. చివరికి మీటరు చూసి, తల గోక్కుని, క్యారేజీకి కట్టుకొచ్చిన డబ్బా విప్పాడు.

"ఫుల్లయితె ఉన్నది సార్. గని జర పోస్త."

"నిండుగా ఉన్నదాంట్లో ఎలా పోస్తావయ్యా?"

"మీ ఫుల్లు మీద మా ఫుల్లు పోస్త సార్. నడుస్తది."

పోశాడు. పోస్తున్నకొద్దీ ముల్లు ఎఫ్ మీదినుంచి దిగడం మొదలుపెట్టింది. డబ్బా ఖాళీ అయ్యేసరికి 'ఈ' అక్షరం వైపు బాగా వాలిపోయింది.

"ఇదేవిటి వీరేశం? పోస్తే తగ్గుతోంది?"

వీరేశం చాలాసేపు మీటరు వంక చూశాడు. "యూనివర్సల్ సార్" అన్నాడు.

ఇంజను అంటుకుంది. కారు ఫ్యాక్టరీకి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చింది. ఆ పైన వారమంతా వింత జరుగుతూనే ఉంది. నడిపేకొద్దీ ముల్లు ఎఫ్ వైపు పాకుతోంది. లింగంపల్లి వెళ్ళొస్తే ఒక గీత పెరుగుతోంది. గురువారం శేరిలింగంపల్లి సంతకు వెళ్ళి కూరలు తెచ్చేసరికి సగం దాటింది.

విశ్వేశ్వరరావు రాత్రి భోజనాల దగ్గర లెక్క తేల్చాడు. "పొయ్యడమే నష్టం. పోస్తే తగ్గుతోంది, నడిపితే పెరుగుతోంది. ఇంజన్లో కాలకుండా మిగిలిన ఆవిరి ఏదో తిరిగి టాంకీలో చేరుతున్నట్టుంది. సీమదొరల బుర్రలు."

"సీమదొరలేవిట్రా, అమ్మవారు" అంది తల్లి. ఆవిడకు ఎఫ్ తెలియదు, ఈ తెలియదు. ముల్లు రోజురోజుకూ కుడివైపుకి తిరుగుతోంది, కుడి శుభం, అంతే. మర్నాడు మీటరు అద్దానికి కుంకంబొట్టు పెట్టి, అంచున చిన్న మందారప్పువ్వు దోపింది. ఫ్యాక్టరీలో విశ్వేశ్వరరావు పక్క కుర్చీ భీమేశ్వరరావు వచ్చి కార్లో కూర్చుని, వాకిట్లోనే రెండు చుట్లు కొట్టించి, ముల్లు కదలకపోయినా కదిలిందని ఒప్పుకుని, తనకూ ఒకటి తెప్పించమని చెప్పి వెళ్ళాడు.

పుణ్యవతి ప్రయత్నం చెయ్యలేదని కాదు. శుక్రవారం రాత్రి మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ అంది. "ఏవండీ, ఆ మీటరు నిండుకుంటే నిండుగా చూపిస్తోందండీ."

"నిండుకుంటే నిండుగా కాక ఇంకెలా చూపిస్తుంది పుణ్యా?"

ఆమె మాటను ఇంకో వైపునుంచి పట్టుకుంది. "అది కాదండీ. నిండితే నిండుకున్నట్టు, నిండుకుంటే నిండినట్టు."

"అదేగా నేనూ అంటున్నది" అన్నాడు అతను సంతోషంగా, తన భార్యకు కూడా యంత్రాల మీద అభిరుచి కలుగుతున్నందుకు.

"పోనీ, ఒక్కసారి పుల్ల పెట్టి చూడండి."

"పుల్ల పెట్టి చూసే రోజులు పోయాయి" అన్నాడు. పక్కగదిలోంచి అత్తగారు దగ్గింది. మామూలు దగ్గు కాదు. వాకిట్లోకి రాబోతున్న మాటను గేటు దగ్గరే ఆపే దగ్గు.

ఆదివారం సాయంత్రం ముల్లు ఎఫ్ గీతను ఆనుకుని నిలబడింది. ఇస్త్రీ చేసిన నీలంచీర కుర్చీ మీద ఉంది. ఇంటర్వ్యూ కార్డు చేతిసంచీలో ఉంది. పుణ్యవతి పెరటి గోడ దగ్గరికి వెళ్ళింది. గోడకవతల, వాళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరు కిష్టమ్మ సీతాఫలాలు బుట్టలో సర్దుతోంది. సీతాఫలాల కాలం వచ్చిందంటే ఆమె రోజూ పొద్దున బస్సులో నగరానికి వెళ్ళి అమ్ముకొస్తుంది.

"ఏంది బిడ్డా, ముఖం గట్ల పెట్టినవ్? రేపే గద నీ కొలువు ముచ్చట?"

పుణ్యవతి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, జరిగిందంతా చెప్పింది. కిష్టమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అగో, గదా సంగతి. మొన్న మీ అత్త ఉప్పు నిండుకున్నదన్నది. నిండుకుంటె మాకింత పెట్టుండ్రి అని గిన్నె పట్టుకపోయిన నేను. ఇద్దరం గిన్నెలు పట్టుకుని ఒకల మొఖం ఒకలం చూస్కుంటిమి." మళ్ళీ నవ్వింది. "అయిపోయిందని ఒక్క మాట అనరాదె నువ్వు?"

"మా ఇంట్లో ఆ మాట అనకూడదండీ."

"రేపు గా కొలువు దొరికితె ఏం చెప్తవ్? లైను నిండుకున్నది, ఆయన ఇంట్ల నిండుకున్నడు అంటవా?"

పుణ్యవతికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "కారు కదలకపోతే వెళ్ళకూడదని షరతు పెట్టారండీ."

కిష్టమ్మ ఒక పండు నొక్కి చూసి పక్కన పెట్టింది. "పొద్దుగాల ఎనిమిదింటికి బస్సొస్తది మర్రిమలుపు కాడికి. నేను రోజు పోత. నేను నిన్ను రమ్మంటలేను. బస్సొస్తదని చెప్తున్న, గంతే."

సోమవారం పొద్దున పుణ్యవతి నీలంచీర కట్టుకుని, తల దువ్వుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని కార్లో కూర్చుంది. అత్తగారు ఎదురు రావడానికి పక్కింటి పుణ్యస్త్రీని గేటు దగ్గర నిలబెట్టింది. విశ్వేశ్వరరావు మీటరు అద్దం మీది కుంకం కొంచెం తుడిచి చూసుకున్నాడు. ముల్లు ఎఫ్ దాటి, ఇంక జరగడానికి చోటు లేక వణుకుతోంది.

"నిండు నిండుగా ఉంది. హాయిగా వెళ్ళొద్దాం" అన్నాడు.

కారు గేటు దాటింది. దాటాక దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఎవరో చెప్పినట్టు ఆగిపోయింది.

విశ్వేశ్వరరావు దిగి బానెట్ ఎత్తాడు. ఇంజను వంక చూశాడు. ఇంజనూ అతని వంక చూసింది. వీరేశానికి కబురు పంపాలన్నాడు. మూసాపేటనుంచి అతను సైకిలు మీద వచ్చేసరికి పది కాదు, పదకొండు దాటుతుంది.

"ఆటంకం వచ్చింది. దిగమ్మా, లోపలికి రా" అంది అత్తగారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉన్నది ఒక రకమైన నెమ్మది. "కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి కూచో. అనుకున్నాంగా, కారు కదలకపోతే దైవనిర్ణయమని."

పుణ్యవతి దిగింది. ఇంట్లోకి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. మంచినీళ్ళు తాగింది. హాల్లో గడియారం ఏడూ నలభై చూపిస్తోంది. గ్లాసు బోర్లించి, భర్త లోపలికి రాగానే అతని ఎదురుగా నిలబడింది.

"పెట్రోలు అయిపోయిందండీ" అంది.

గొంతు తాపీగా, స్పష్టంగా వచ్చింది. చిన్నప్పుడు పోస్టాఫీసు కిటికీ దగ్గర విన్న గొంతులాగే ఉందని ఆమెకే అనిపించింది.

అత్తగారు రెండు చేతులతో చెంపలు వాయించుకుంది. "శివ శివ. సోమవారం పూట, దీపం వెలుగుతుండగా. ఆ మాట వెనక్కి తీసుకో."

"అమ్మా, ఉండు. అయిపోవడమేంటి పుణ్యా?" అన్నాడు విశ్వేశ్వరరావు. "మీటరు చూశావా? ఎఫ్ దాటి ఉంది."

"ఆ మాట వెనక్కి తీసుకుంటావా లేదా? మంచిమాటతో చెప్పు. మన ఇంట్లో ఎలా అంటాం?"

పుణ్యవతి ఇద్దరి వంకా చూసింది. తర్వాత అత్తగారు నేర్పినట్టే, మర్యాదగా అంది.

"పెట్రోలు నిండుకుందండీ."

"అలా అను" అంది అత్తగారు, ఊపిరి పీల్చుకుని.

"చూశావా" అన్నాడు విశ్వేశ్వరరావు, అతనూ ఊపిరి పీల్చుకుని. "నేననేదీ అదే. పెట్రోలు నిండుగానే ఉంది. జబ్బు ఇంకెక్కడో ఉంది."

తల్లీ కొడుకూ ఇద్దరూ తృప్తిపడ్డారు. నిజమైన మాట అంటే అశుభం. శుభమైన మాట అంటే అబద్ధం. పుణ్యవతి దగ్గర ఇంకో మాట లేదు. ఉన్న రెండూ వాడేసింది.

జబ్బు ఎక్కడుందో వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అమ్మవారి పువ్వు వాడిపోయిందేమో అని ఆవిడ, ప్లగ్గులేమో అని అతను. పుణ్యవతి కుర్చీ మీది చేతిసంచీ తీసుకుంది. కార్డు ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని గడప దాటింది.

విశ్వేశ్వరరావు ముందు చూశాడు. "ఎక్క..." అని నోరు తెరిచాడు. బయటికి వెళ్ళేవాళ్ళని ఎక్కడికని అడక్కూడదు. తల్లి అతని మోచెయ్యి పట్టుకుంది.

పుణ్యవతి మెట్లు దిగింది.

ఆవిడకు కోడలిని ఆపాలని ఉంది. ఎంత ఉందంటే పెదాలు విడివడ్డాయి. కానీ గుమ్మం దిగిన మనిషిని వెనకనుంచి పిలిస్తే ఇల్లు చెడుతుంది. ఆవిడ కొంగు తీసి తన నోటికే అడ్డం పెట్టుకుంది. ఇంకో చేత్తో కొడుకు నోరు మూసింది.

గేటు దగ్గర ఎదురుకు నిలబెట్టిన పుణ్యస్త్రీ, తనని ఇంకా వెళ్ళమనలేదు కాబట్టి, అక్కడే నిలబడి ఉంది. ఎదురొచ్చింది. బానెట్ తెరిచి ఉన్న కారు పక్కనుంచి పుణ్యవతి నడిచింది. ఎండపడి లోపల మీటరు అద్దం మెరిసింది. అవతల మర్రిమలుపు వైపు కిష్టమ్మ బుట్ట నెత్తిమీద పెట్టుకుని పోతోంది. పుణ్యవతి ఎవరికీ ఏమీ చెప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా ఆ వైపు వెళ్ళింది.